ఓరుగంటి కోట - రుద్రమదేవి

గౌతమీ తీరమునందలి కె.గంగవరము, కోటిపల్లి గ్రామముల విద్యార్థులకు ద్రాక్షారామ భీమేశ్వరాలయము పొరుగూరి గుడియే. ఆ ఆలయపు గోడలమీదను, స్తంభములమీదను వందలకొలది శాసనములు చెక్కబడి యున్నవి. తూర్పు చాళుక్యులు, వెలనాటి చోడులు, కోనమండలపు హైహయులు, కళింగ గాంగులు, కాకతీయులు, రెడ్డిరాజులు - గోదావరీ మండలమును ఏలినవారును, ఏలగోరినవారును తమ గుర్తులను అచ్చట విడిచిరి. వరి పండు ఈ నేల ఏ కాలమున ఎవరి యధీనమున నుండెనో తెలిసికొనగోరు చరిత్రకారులు మొదట ఆ గోడలనే చదువుదురు. 13వ శతాబ్ది ఉత్తరార్ధమున ఈ నేలకొఱకు కళింగముతో పోరాడి దానిని నిలుపుకొన్నది ఓరుగంటి ప్రభుత్వము. ఆనాడు ఓరుగంటి సింహాసనముమీద నున్నది కాకతి రుద్రమదేవి.

ఆమె కథ మన పిల్లలకు పాఠ్యపుస్తకములవలనను, నాటకములవలనను, చలనచిత్రములవలనను పరిచితమే. పురుషవేషము ధరించి, కత్తి చేతబట్టి, గుఱ్ఱమెక్కి శత్రువులను తరిమిన వీరనారిగా ఆమెను అందఱును ఎఱుగుదురు. ఆ చిత్రమునకు వెనుక రెండు బలములు కలవు. ఒకటి ఆమె పూర్తిచేసిన రాతికోట. రెండవది ఆ రాజ్యమును కాపాడిన గుఱ్ఱపుదండు. రాతికోట ఆమె జీవితకాలమున ఆమెను విడువలేదు. గుఱ్ఱపుదండునకు నాయకత్వము వహించిన వంశమే తుదకు ఆమె మరణమునకు కారణమైనదని శాసనములనుబట్టి పండితులు నిర్ణయించిరి. ఈ నిర్ణయమునకు ఆధారమైన శిల 20వ శతాబ్ది ద్వితీయార్ధమున గాని విద్వాంసుల దృష్టికి రాలేదు.

రుద్రమదేవి తండ్రి గణపతిదేవుడు 1199 మొదలు 1262 వఱకు రాజ్యము చేసెను. చిన్న చిన్న మండలములుగా చీలియున్న తెలుగునేలను చాలవఱకు ఒక్క గొడుగుక్రిందికి తెచ్చిన ప్రభువు అతడు. అతనికి పుత్రసంతానము లేదు. కుమార్తెలు ఇరువురు. గణపాంబను ధరణికోట ప్రాంతమును ఏలుచున్న కోట వంశపు బేతరాజున కిచ్చెను. రుద్రమను కుమారునివలె పెంచి, రాజనీతియు, యుద్ధవిద్యయు నేర్పించి, రుద్రదేవ మహారాజు అను పేరిట రాజ్యమునకు వారసునిగా నియమించెను. శాసనములలో ఆమె తఱచుగా ఆ పురుషనామముతోనే కనిపించును. ఆమెను గణపతిదేవుని భార్యగా వ్రాసిన పాత పుస్తకములు కొన్ని కలవు. ఆమె అతని కుమార్తెయే యని శాసనములు సందేహమునకు తావులేకుండ తేల్చినవి.

ఆమె భర్త నిడదవోలు చాళుక్యవంశపు వీరభద్రుడు. ఇట్లు గోదావరీతీరము ఆమెకు అత్తవారి దేశమైనది. ఆమెకు కుమార్తెలే కలిగిరి. వారిలో ముమ్మడమ్మ కుమారుడైన ప్రతాపరుద్రుడే తరువాత రాజ్యమునకు వచ్చెను. తండ్రి కుమార్తెకును, తల్లి దౌహిత్రునకును రాజ్యమును అప్పగించుట ఆనాటి సామంతులలో పెక్కురకు కొత్తగా తోచెను. వంశమున మగవారుండగా ఒక స్త్రీకి తల వంచనేల అని వారు తలంచిరి.

కాలము కూడ ఆమెకు అనుకూలముగా లేదు. 1263లో నెల్లూరు సమీపమున ముత్తుకూరు కడ పాండ్యరాజు జటావర్మ సుందరపాండ్యునితో జరిగిన యుద్ధమున కాకతీయసైన్యము ఓడిపోయెను. దక్షిణమున నెల్లూరు సీమ చేజాఱెను. తూర్పున కళింగులు వేంగివైపు కదలిరి. పడమట దేవగిరి యాదవులు అదను చూచుచుండిరి. రాజధానిలోనే దాయాదులు తిరుగుబాటు చేసిరని ప్రతాపచరిత్రము చెప్పుచున్నది. ఆ సమయమున ఆమెకు అండగా నిలిచినవారిలో రేచర్ల ప్రసాదిత్యుడు ముఖ్యుడు. కాకతీయరాజ్యమును నిలువబెట్టినవాడను బిరుదమును అతడు వహించెను. కాయస్థవంశపు జన్నిగదేవుడును ఆమె పక్షముననే యుండెను. ఈ కాయస్థుల సంగతి తెలిసికొననిదే రుద్రమదేవి జీవితము అర్థము కాదు.

ఆనాటి యుద్ధములో గుఱ్ఱమునకున్న స్థానము గొప్పది. ఏనుగు శత్రువ్యూహమును చీల్చగలదు గాని వేగముగా తిరుగలేదు. కాల్బలము కోటను కాపాడగలదు గాని నూఱామడల దూరమున తిరుగబడిన సామంతుని పదిదినములలో చేరలేదు. ఆ పని గుఱ్ఱపురౌతుదే. మేలుజాతి గుఱ్ఱములు దక్షిణదేశమున పుట్టి పెరుగుట అరుదు. అరేబియా, పారశీక దేశములనుండి ఓడలమీద అవి దక్షిణపు రేవులకు వచ్చుచుండెను. పాండ్యరాజులు ఏటేట వేలకొలది గుఱ్ఱములను కొనుచుండిరనియు, ఈ దేశపు వేడిమికిని, సరియైన పోషణ తెలియకపోవుటకును వానిలో చాల భాగము చచ్చిపోవుచుండెననియు వెనీసు యాత్రికుడు మార్కోపోలో వ్రాసెను. కనుక గుఱ్ఱపుదండును పెట్టుకొనుట అపారమైన వ్యయముతో కూడిన పని. దానిని పోషించి, శిక్షణ నిచ్చి, నడపగలవాడు రాజ్యమున మిక్కిలి పలుకుబడి గలవాడగుట సహజము.

గణపతిదేవుని కాలమున ఆ పదవి గంగయ సాహిణిది. సాహిణి యనగా అశ్వదళమునకు అధిపతి. గంగయ కాయస్థవంశమువాడు. అతని సేవకు మెచ్చి గణపతిదేవుడు నల్లగొండ ప్రాంతపు పానుగంటి మొదలు కడప ప్రాంతపు మార్జవాడ వఱకు గల విశాలమైన సీమను అతని పాలనకు విడిచెను. అతని వెనుక జన్నిగదేవుడు, త్రిపురారి, అంబదేవుడు అను అన్నదమ్ములు క్రమముగా ఆ సీమను ఏలిరి. దక్షిణపు సరిహద్దును కాపాడుటకు అట్టి బలవంతుడు అవసరమే. కాని గుఱ్ఱములును, వానిని మేపు సీమయు, ఆ సీమపై వచ్చు పన్నును ఒక్క కుటుంబము చేతిలో తరతరములుగా నుండిన, ఆ కుటుంబము రాజ్యములో మఱియొక రాజ్యమగును.

ఇక కోట సంగతి చూతము. ఓరుగల్లనగా ఒక్క రాయి, సంస్కృతమున ఏకశిలానగరము. అచ్చటి రాతికోట ఇంచుమించు వృత్తాకారమున నున్నది. దాని వ్యాసము సుమారు 1,200 మీటర్లు. పెద్ద పెద్ద నల్లరాతి దిమ్మెలను సున్నము లేకుండ ఒకదానిమీద నొకటి పేర్చి గోడ కట్టిరి. ఆ గోడకు 45 బురుజులు కలవు. చతురస్రాకారమున నున్న ఆ బురుజులు కందకములోనికి ముందునకు పొడుచుకొని వచ్చును. అందువలన గోడ మొదటికి చేరిన శత్రువును రెండువైపులనుండి బాణములతో కొట్టవచ్చును. గణపతిదేవుడు ఆరంభించిన ఈ కోటను రుద్రమదేవి పూర్తిచేసి, గోడ ఎత్తును సుమారు 20 అడుగులకు పెంచెను. లోపలివైపున గోడపొడవునను రాతిమెట్లు ఉన్నవి. అపాయము వచ్చినప్పుడు సైనికులు ఏదో యొక్క మెట్లదారికొఱకు పరుగెత్తనక్కఱలేదు. నిలిచిన చోటినుండియే గోడమీదికి ఎక్కవచ్చును. రాతికోటకు వెలుపల వెడల్పైన కందకము, దానికి వెలుపల సుమారు రెండున్నర కిలోమీటర్ల వ్యాసముతో మట్టికోట, దాని చుట్టును మఱియొక కందకము ఉన్నవి. ఈ మట్టికోటను కట్టించినది రుద్రమదేవియే యని చెప్పుదురు. ఇంకను దూరముగా పట్టణమునంతటిని చుట్టి మూడవ మట్టికట్ట యొకటి కలదు.

కోట ప్రయోజనమును తెలిసికొనగోరువారు ముఖ్యముగా ద్వారములను పరిశీలింపవలెను. రాతికోటకు నాలుగు దిక్కుల నాలుగు ద్వారములు. తరువాతి పాలకులు కొన్ని మార్పులు చేసినను ద్వారముల తీరు స్పష్టముగా తెలియుచున్నది. వెలుపలి వాకిలి దాటిన వెంటనే దారి తిన్నగా పోదు. ఎత్తైన గోడల నడుమ నున్న ప్రాంగణములో అది పక్కకు మళ్లి, మఱల మళ్లి, లోపలి వాకిలికి చేరును. దౌడు తీయుచు వచ్చిన గుఱ్ఱము ఆ మలుపులలో వేగమును కోల్పోవును. ఏనుగు తలుపును ఢీకొట్టుటకు కావలసిన పరుగు దానికి దొరకదు. ఇరుకున చిక్కిన ఆ గుంపుపై గోడలమీది సైనికులు బాణములను, రాళ్లను కురిపింతురు. గుఱ్ఱపుదండుల బలమును బాగుగ ఎఱిగినవారే ఇట్టి ద్వారమును కట్టగలరు.

ఇతరదేశపు కోటతో పోల్చి చూచిన ఈ సంగతి మఱింత తేటపడును. బ్రిటను దీవి ఉత్తరభాగమున రోమక చక్రవర్తి హాడ్రియను క్రీ.శ. 122 ప్రాంతమున సముద్రమునుండి సముద్రమునకు ఒక గోడను కట్టించెను. ఆ గోడవెంట చెస్టర్సు అనుచోట నున్నది రోమకుల గుఱ్ఱపుదండు కోట. సుమారు 500 మంది రౌతులకొఱకు దానిని నిర్మించిరి. దాని నాలుగు ప్రధాన ద్వారములలో మూడు గోడకు ఉత్తరమున, శత్రుదేశమువైపు తెఱచుకొనును. రౌతులు ఒక్కుమ్మడిగా వెలుపలికి దూకి శత్రువును తరుముటకే ఆ యేర్పాటు. ఆ గోడ తూర్పు కొననున్న వాల్సెండు కోటను త్రవ్వినప్పుడు రౌతుల వసతిగృహములు బయటపడినవి. ముందుగదిలో గుఱ్ఱములు, వెనుకగదిలో మనుష్యులు ఉండెడివారు. గుఱ్ఱములు నిలుచుచోట మూత్రము పోవుటకు గుంటలు త్రవ్వియుండెను. రోమకుల ఆ కోట సైనికుల విడిది. ఓరుగంటి కోట రాజధాని. దాని నడుమ దేవుడు, రాజు, ప్రజలు, ధాన్యము ఉన్నవి. కనుకనే అక్కడి వాకిలి వెలుపలికి పోవు వేగముకొఱకును, ఇక్కడి వాకిలి లోపలికి వచ్చు వేగమును ఆపుటకొఱకును కట్టబడినవి.

కోట నడుమ స్వయంభూదేవుని ఆలయముండెను. దాని నాలుగు వైపుల నిలిచిన రాతి తోరణములు నేటికిని చూపరులను ఆకర్షించుచున్నవి. ఆలయము శిథిలమైనను అచ్చటి రంగమండపపు శిల్పములలో ఒకటి గమనింపదగినది. సింహముపై కూర్చుండి కత్తియు, డాలును ధరించిన స్త్రీమూర్తి అందు కనిపించును. రాయగజకేసరి, అనగా రాజులను ఏనుగులకు సింహమువంటివాడు, అను బిరుదము రుద్రమదేవికి కలదు. ఆ బిరుదమునే శిల్పి రాతిలో మలచెనని పండితుల అభిప్రాయము.

ఈ బిరుదమునకు తగిన సందర్భము పడమటినుండి వచ్చెను. దేవగిరి యాదవరాజైన మహాదేవుడు (1261-1271) ఓరుగంటిపై దండెత్తెను. ఆ యుద్ధమును గూర్చి రెండు వైపుల కథలు రెండు విధములుగా నున్నవి. యాదవుల మంత్రియైన హేమాద్రి గ్రంథము, తమ ప్రభువు తెలుగురాజు ఏనుగులను గైకొని, స్త్రీ యగుటచే రుద్రమను చంపక విడిచెనని చెప్పుచున్నది. ప్రతాపచరిత్రము మాత్రము, మహాదేవుడు పదునైదు దినములు కోటను ముట్టడించి ఓడిపోయి పాఱిపోగా, రుద్రమదేవి దేవగిరి వఱకు అతనిని తరిమి ధనము గ్రహించెనని చెప్పుచున్నది. ఇట్టి చోట విద్యార్థి చేయవలసినది శిలాసాక్ష్యమును వెదకుట. బీదరు కోటలో రుద్రమదేవి సామంతుడైన సింద వంశపు భైరవుని శాసనఖండము దొరకినది. యాదవుల సీమయగు బీదరులో కాకతీయసామంతుని శాసనముండుట, గెలుపు ఎవరివైపు మొగ్గెనో సూచించుచున్నది. రాతికోట తన పరీక్షలో నెగ్గెను.

తూర్పున గోదావరీ మండలమున కోటగోడల ఆసరా లేదు. ఇచ్చట ఏఱులు, కాలువలు, పంటపొలములు. పోరు మైదానముననే జరుగవలెను. కళింగ గాంగరాజు మొదటి భానుదేవుని సైన్యములు వేంగిసీమలోనికి చొచ్చుకొనిరాగా, రుద్రమదేవి సేనానులైన పోతినాయకుడును, ప్రోలినాయకుడును వారిని ఎదిరించి వెనుకకు మఱలించిరి. గజపతులను మదపుటేనుగులకు సింహములమనియు, ఓడ్రరాజు గర్వమును అణచినవారమనియు అర్థమిచ్చు బిరుదములను వారు వహించిరి. ఆ విజయముతో గోదావరీతీరమున కాకతీయుల అధికారము మఱల నెలకొనెను.

ఇంత శ్రమపడి ఆమె కాపాడినది దేనిని? గుంటూరు సీమలోని మల్కాపురమున 1261నాటి శాసనము దీనికి కొంత సమాధానము చెప్పును. రుద్రమదేవి తన గురువగు విశ్వేశ్వర శివాచార్యునకు దానముచేసిన గ్రామములను, ఆయన అచ్చట నెలకొల్పిన మఠమును అది వర్ణించుచున్నది. ఆ మఠమున వేదశాస్త్రములు బోధించు అధ్యాపకులుండిరి. కులభేదము లేక అందఱకు అన్నము పెట్టు సత్రముండెను. వైద్యశాలయు, స్త్రీలకు ప్రసూతిశాలయు నుండెను. ఏడువందల యేండ్లకు పూర్వము గ్రామమున ప్రసూతిశాలకు ఆదాయమును కేటాయించిన పాలన యది. సముద్రతీరమున మోటుపల్లి రేవున గణపతిదేవుడు 1244లో వర్తకులకు అభయశాసనము నిచ్చెను. తుపానులో పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును రాజులు లాగికొను ఆచారమును మాన్పించి, నిర్ణీతమైన సుంకమును మాత్రమే తీసికొనుట దాని సారము. మార్కోపోలో ఈ రేవును గూర్చి వ్రాయుచు, ఈ దేశమును ఒక రాణి న్యాయము తప్పక పాలించెననియు, ఇచ్చటి సన్నని వస్త్రములు సాలెగూటివలె నుండుననియు మెచ్చుకొనెను. ఆ రాణి రుద్రమదేవియే.

ఇంతలో దక్షిణమున పరిస్థితి మాఱుచుండెను. 1273 ప్రాంతమున కాయస్థసీమ అంబదేవుని చేతికి వచ్చెను. అతడు పరాక్రమవంతుడు. చుట్టునున్న సామంతులను ఒక్కొక్కరిని ఓడించి తన సీమను పెంచుకొనెను. తన తాతముత్తాతలవలె కాకతీయులకు లోబడి యుండుట అతనికి రుచింపలేదు. త్రిపురాంతకమున 1290లో అతడు చెక్కించిన శాసనము అతని విజయములను ఏకరువు పెట్టును గాని, కాకతీయ ప్రభువును తన యేలికగా పేర్కొనదు. అందులో ఒక విజయము, మల్లికార్జునపతిని సప్తాంగములనుండి వేఱు చేయుట. చాలకాలము ఈ మాట భావము పండితులకు అంతుపట్టలేదు. రుద్రమదేవి 1295 ప్రాంతము వఱకు పాలించి దౌహిత్రునకు రాజ్యమప్పగించి శాంతముగా కన్నుమూసెనని చరిత్రగ్రంథములు చెప్పుచుండెను.

నల్లగొండ సీమలో నకిరేకల్లు సమీపమున చందుపట్ల యను గ్రామము కలదు. అచ్చట దొరకిన శాసనమును 1970వ దశకమున పి.వి.పరబ్రహ్మశాస్త్రిగారు పరిష్కరించి లోకమునకు తెలిపిరి. శకవర్షము 1211, విరోధి సంవత్సరము. అనగా 1289 నవంబరు 27. పువ్వుల ముమ్మడి యను సేవకుడు, కాకతి రుద్రమదేవికిని, ఆమె సేనాని మల్లికార్జున నాయకునకును శివసాయుజ్యము కలుగుటకై చందుపట్ల సోమనాథదేవునకు భూమిని దానము చేసినట్లు దానిలో నున్నది. ఆ తేదీనాటికి రాణియు, సేనానియు ఇరువురును గతించిరి. రాణియు, సేనానియు ఒక్కసారి మరణించుటకు యుద్ధముకంటె వేఱు కారణము ఊహించుట కష్టము. త్రిపురాంతక శాసనమున అంబదేవుడు ఓడించినట్లు చెప్పుకొన్న మల్లికార్జునుడు ఇతడే. సప్తాంగములనగా స్వామి, అమాత్యుడు, జనపదము, దుర్గము, కోశము, దండము, మిత్రుడు. వానిలో మొదటిది స్వామి. సేనానికి స్వామిని లేకుండ చేయుట యనగా రాణిని వధించుటయే యని పరబ్రహ్మశాస్త్రిగారు వ్యాఖ్యానించిరి. ఒక చిన్న గ్రామపు సేవకుడు వేయించిన శాసనము వలన చరిత్రగ్రంథములలోని తేదీయు, మరణవిధమును కూడ మాఱిపోయెను.

ఆనాటికి రుద్రమదేవి వృద్ధురాలు. మనుమడు యుక్తవయస్కుడు. ఇరువది యేడేండ్లు పాలించిన రాణి ఓరుగంటి కోటలోనే యుండి సేనానిని పంపియుండవచ్చును. ఆమె స్వయముగా కదలినది. ఎదుట నున్నవాడు పొరుగురాజు కాడు. తన తండ్రి పెంచిన అశ్వాధిపతి వంశమువాడు. అతనిని విడిచిన మిగిలిన సామంతులు ఏమి నేర్చుకొందురో ఆమెకు తెలియును. 2017లో ఓరుగంటి సమీపమున బొల్లికుంటలో పురావస్తుశాఖవారు గుర్తించిన రెండు శిల్పములను రుద్రమదేవి ప్రతిమలుగా వారు భావించిరి. ఒకదానిలో ఆమె గుఱ్ఱముమీద కత్తి ధరించి యున్నది. రెండవదానిలో అలసి కూర్చున్నది. యముని వాహనమైన మహిషము సమీపమున నున్నది. ఆ గుర్తింపు సరియైనదైన, ఆమె తుది ప్రయాణమును ఆనాటి శిల్పి ఎఱిగియే చెక్కెనని అనుకొనవలెను.

ప్రతాపరుద్రుడు ఈ పాఠమును మఱువలేదు. 1291లో అతని సేనానులు అంబదేవునినుండి త్రిపురాంతకమును గైకొనిరి. రుద్రమదేవి కాలముననే రూపుదాల్చిన నాయంకర పద్ధతిని అతడు విస్తరింపజేసెను. దాని ప్రకారము ఒక్కొక్క నాయకుడు తన కిచ్చిన సీమ ఆదాయముతో నిర్ణీతమైన సైన్యమును పోషించి రాజు పిలిచినప్పుడు తేవలెను. ఆ నాయకులలో పలువురు పెద్దవంశములవారు కారు. కేవలము సేవచేత పైకి వచ్చినవారు. గుఱ్ఱములన్నియు ఒక్క గుఱ్ఱపుసాలలో చేరకుండ చేసిన యేర్పాటు ఇది.

1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫరు ఓరుగంటిని ముట్టడించినప్పుడు రుద్రమదేవి కట్టించిన గోడలకు మఱల పరీక్ష వచ్చెను. ముట్టడిని వర్ణించిన అమీరు ఖుస్రో, ఆ మట్టికోట ఇనుపమొనకు లొంగని గట్టిదనమును చూచి ఆశ్చర్యపడెను. నెలకు పైగా నిలిచి, మట్టికోట పోయిన పిమ్మట ప్రతాపరుద్రుడు సంధి చేసికొనెను. 1323లో కోట ఉలూగ్ ఖానునకు లొంగి, కాకతీయరాజ్యము అంతరించెను.

దుర్గము రాజ్యాంగములలో నాలుగవదని మన శాస్త్రకారులు చెప్పిరి. దానికి ముందును, వెనుకను మనుష్యులే ఉన్నారు. రుద్రమదేవి రాతిని సాధించినది, శత్రువును సాధించినది, స్త్రీ యని తన్ను కాదన్న దాయాదులను సాధించినది. ఆమెకు లొంగనిది ఒక్క సామంతుని నమ్మకము. ఉపాధ్యాయులు ఓరుగంటి కోటను చూపుటకు విద్యార్థులను తీసికొనిపోవునప్పుడు తోరణములకడ ఆగిపోక, ద్వారముల మలుపులలో వారిని నడిపింపవలెను. గోడ లోపలి మెట్లు ఎక్కింపవలెను. వీలైన చందుపట్లలోని శిలను కూడ చూపవలెను. అంత దూరము పోలేని గోదావరీతీరపు బాలబాలికలకు ద్రాక్షారామపు గోడలు చేరువలోనే ఉన్నవి. వానిమీద సున్నము పూయనీయక, పేరులు గీయనీయక కాపాడుట మన పని. పువ్వుల ముమ్మడి వేయించిన ఆ శాసనము ఏ పశువులకొట్టపు పునాదిలోనో చేరియుండిన, మన మహారాణి ఎట్లు మరణించినదో మనకు ఎన్నటికిని తెలియకపోయి యుండెడిది.